గంటకు రెండు గ్రాముల లెక్క: కట్టెల స్టవ్వుల పోటీలో పొరుగింటి ఊసేదీ?

అమెరికాలోని ఈశాన్య రాష్ట్రాల్లోనూ, పసిఫిక్ తీరపు ఉత్తర భాగంలోనూ, అలాస్కాలోనూ కట్టెల స్టవ్‌తో ఇల్లు వెచ్చబెట్టుకునేవారి బ్రాండ్ పట్టుదల మన పల్లెల్లో ట్రాక్టర్ల మీద సాగే వాదులాటకు ఏమాత్రం తీసిపోదు. నార్వేలో 1853లో పుట్టిన యోటుల్ కంపెనీ పోత ఇనుప స్టవ్ వాడేవారు దాని గట్టిదనాన్ని గొప్పగా చెప్పుకుంటారు. న్యూ హాంప్‌షైర్‌లో సోప్‌స్టోన్ అనే రాతి పలకలతో తయారయ్యే వుడ్‌స్టాక్ సోప్‌స్టోన్ స్టవ్ ఉన్నవారు మంట తగ్గిన తర్వాత కూడా రాయి గంటల తరబడి వదిలే మెత్తని వేడిని వర్ణిస్తారు. బ్లేజ్ కింగ్ స్టవ్ ఉన్నవారికైతే ఒకసారి కట్టెలు పేర్చి తలుపు మూస్తే మర్నాటి దాకా దాని జోలికి పోనక్కర్లేదన్నదే గర్వకారణం. ఆ కంపెనీ తన పెద్ద మోడల్ 40 గంటల వరకు మండుతుందని ప్రకటించుకుంటుంది. అవతలి పక్షం వెంటనే అందుకుంటుంది: అలా సన్నగా మండినంతసేపూ అద్దం నల్లబడి లోపల మంటే కనబడనప్పుడు ఇంట్లో నిప్పు పెట్టుకున్న సుఖమేముందని. ఎవరు పట్టిన కుందేలుకు వారి లెక్కన మూడే కాళ్లు.

వాదం అక్కడితో ఆగితే ఎవరికీ నష్టం లేదు. కానీ కొన్నేళ్లుగా ఇందులోకి ఒక అంకె వచ్చి చేరింది. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ, అంటే ఇపిఎ, ధ్రువీకరించిన ప్రతి స్టవ్‌కూ గంటకు ఎన్ని గ్రాముల సూక్ష్మ ధూళి కణాలు వెలువడతాయో తెలిపే లెక్క ఉంటుంది. ఒకరిది 1.1 అయితే మరొకరిది 1.8. తన స్టవ్ శుభ్రమైనదనీ, ఎదుటివాడిది పొగచూరినదనీ తేల్చడానికి ఈ దశాంశాలు చాలునని చాలామంది అనుకుంటారు. నా దృష్టిలో ఈ దశాంశాల పోటీ కొనుగోలుదారుకు పెద్దగా ఏమీ చెప్పదు. పక్కింట్లో ఊపిరి పీల్చేవారికి అసలే ఏమీ చెప్పదు.

ఈ అంకె పుట్టుక వెనుక కొంత చరిత్ర ఉంది. 1973 నాటి చమురు సంక్షోభం తర్వాత అమెరికన్లు మళ్లీ కట్టెల వైపు మళ్లారు. ఆ ఊపులోనే 1975లో వెర్మాంట్ కాస్టింగ్స్ అనే స్టవ్ కంపెనీ మొదలైంది. అప్పటి స్టవ్వులు చాలావరకు గాలి బిగించిన ఇనుప పెట్టెలు. రాత్రంతా మండాలని గాలి తగ్గిస్తే సగం కట్టె పొగగానే పోయేది. ఒరెగాన్ రాష్ట్రం ముందు కళ్లు తెరిచింది. ఆ దారిలో ఇపిఎ 1988లో తొలి జాతీయ ప్రమాణం తెచ్చి, 1990 నుంచి క్యాటలిటిక్ స్టవ్వులకు, అంటే ఉత్ప్రేరకం సాయంతో పొగను మండించేవాటికి, గంటకు 4.1 గ్రాములు, మిగతావాటికి 7.5 గ్రాముల పరిమితి పెట్టింది. ఆ తర్వాత పాతికేళ్లు అదే సాగింది. 2015లో కొత్త నిబంధన వచ్చి పరిమితిని 4.5కు, 2020 మే 15 నుంచి 2 గ్రాములకు దించింది. ఇళ్లలో కాల్చే మామూలు చీల్చిన కట్టెలతో పరీక్షించుకుంటే 2.5 దాకా అనుమతి ఉంది.

క్యాట్ (క్యాటలిటిక్), నాన్ క్యాట్ (ఉత్ప్రేరకం లేని) స్టవ్వుల అభిమానుల మధ్య వైరం ఇక్కడే ముదిరింది. క్యాటలిటిక్ స్టవ్‌లో పొగ బయటికి పోయే దారిలో తేనెపట్టులాంటి పింగాణీ లేదా లోహపు దిమ్మె ఉంటుంది. దానికి పల్లాడియం, ప్లాటినం వంటి లోహాల పూత ఉండడం వల్ల పొగ దాదాపు 260 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మండిపోతుంది. అది లేని స్టవ్‌లో, పైకప్పు కింద అమర్చిన గొట్టాల రంధ్రాల నుంచి వేడి గాలి చిమ్మి పొగను మండించాలంటే సుమారు 600 డిగ్రీలు కావాలి. అందుకే సన్నని సెగ మీద ఎక్కువసేపు మండడంలో క్యాట్‌దే పైచేయి. అయితే ఆ దిమ్మె కొన్నేళ్లకు అరిగిపోతుంది, మార్చాలంటే వందల డాలర్లు ఖర్చవుతుంది. అది పనిచేయడం మానేసినా స్టవ్ మామూలుగానే మండుతూ కనిపిస్తుంది. తేడా పొగగొట్టం పైన తెలుస్తుంది తప్ప సోఫాలో కూర్చున్నవారికి తెలియదు. నాన్ క్యాట్ అభిమానులు ఎత్తిచూపే ఈ లోపం నిజమైనదే. గాలి మరీ బిగిస్తే తమ స్టవ్ కూడా పొగలు కక్కుతుందన్న సంగతి మాత్రం వారు అంత గట్టిగా చెప్పరు.

ఇంతకీ ఆ గ్రాములను కొలిచేది ఎలా? చాలాకాలంగా వాడుకలో ఉన్న పద్ధతిలో, కోసి చదును చేసిన డగ్లస్ ఫర్ కలప ముక్కల మధ్య ఖాళీలు వదిలి మేకులతో పంజరంలా బిగిస్తారు. దాన్ని అప్పటికే ఎర్రగా కాలిన నిప్పుల మీద పెట్టి, వేర్వేరు వేగాల్లో కాల్చి, వచ్చిన కణాలను వడపోత కాగితాల మీద పట్టి తూచి, సగటు తీస్తారు. ముక్కల పరిమాణం, తేమ, ఎడం అన్నీ ముందే నిర్ణయించినవి. ఫలితాలను ఒకదానితో ఒకటి పోల్చడానికి ఇది సౌకర్యమే. కానీ వెర్మాంట్‌లో ఓక్ దుంగలు చీల్చి పేర్చుకునేవాడి స్టవ్‌లో ఇలాంటి పంజరం ఏనాడూ మండదు. అంతకంటే ముఖ్యమైన లోటు ఇంకొకటి ఉంది. చల్లారిన స్టవ్‌ను కాగితాలతో, పుల్లలతో రాజేసే తొలి అరగంటలో పొగ దట్టంగా వస్తుంది. ఈ పరీక్ష నిప్పులు సిద్ధమయ్యాకే మొదలవుతుంది కాబట్టి ఆ అరగంట లెక్కలోకే రాదు. రోజూ సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి స్టవ్ వెలిగించేవాడికీ, చలికాలమంతా నిప్పు ఆరనివ్వనివాడికీ ఒకే బ్రాండ్, ఒకే అంకె ఉన్నా వారి పొగగొట్టాలు మాత్రం వేర్వేరు కథలు చెబుతాయి.

పోనీ, ఆ పరీక్షైనా సక్రమంగా జరిగిందా అంటే అదీ అనుమానమే. ఈశాన్య రాష్ట్రాల వాయు నాణ్యత విభాగాల ఉమ్మడి వేదిక నెస్కామ్, అలాస్కా పర్యావరణ విభాగంతో కలిసి ధ్రువీకరణ నివేదికలను తిరగేసి, వాటిలో విస్తారంగా లోపాలున్నాయని 2021లో బయటపెట్టింది. 2023 ఫిబ్రవరిలో ఇపిఎ సొంత ఇన్‌స్పెక్టర్ జనరల్ కార్యాలయమే, స్టవ్వులు వినియోగదారుల చేతికి చేరేలోగా వాటిని సరిగ్గా పరీక్షించి ధ్రువీకరిస్తున్నారన్న భరోసాను ఈ కార్యక్రమం ఇవ్వడం లేదని తేల్చింది. తూకపురాయి మీదే నమ్మకం పోయినప్పుడు 1.1 గొప్పదా, 1.8 గొప్పదా అని తగవుపడడం వృథా.

ఇక్కడ అనుభవజ్ఞులైన యజమానులు ఒక మాట అంటారు: పొగ స్టవ్ తప్పు కాదు, వాడేవాడి తప్పు అని. కట్టెలో తేమ 20 శాతానికి మించితే ఏ బ్రాండ్ అయినా పొగ కక్కుతుంది. ఓక్ లాంటి గట్టి కలప బాగా ఆరడానికి చీల్చి పేర్చాక రెండు వేసవులు పడుతుంది. తేమ మీటరు ముళ్లను దుంగ పైభాగాన గుచ్చితే ఎప్పుడూ ఆశాజనకమైన అంకే వస్తుంది. దుంగను అప్పటికప్పుడు చీల్చి లోపలి ముఖం మీద గుచ్చితే గానీ నిజం బయటపడదు. పచ్చి కట్టె కాల్చి స్టవ్‌ను తిట్టేవాడిది ఆడలేక మద్దెల ఓడన్న తీరేనని వారు ఎగతాళి చేస్తారు. మాట నిజమే. కానీ ఈ నిజాన్ని నిబంధనలు అక్కర్లేదనడానికి వాడుకోవడం నాకు సమ్మతం కాదు. వాడుకను బట్టి ఫలితం మారుతుందంటే, వాడుకను కూడా పరీక్షించే నిబంధన కావాలన్నది దాని అర్థం. ఇంగ్లండ్ 2021 మే నుంచి చిన్న మోతాదులో అమ్మే కట్టెల్లో తేమ 20 శాతం దాటకూడదని చట్టమే చేసింది.

ప్రయోగశాలకూ వాకిలికీ మధ్య ఎంత దూరముంటుందో మనకు బాగా తెలిసిన పొయ్యి విషయంలోనూ రుజువైంది. 1980లలో మన కేంద్ర ప్రభుత్వం ఊరూరా పెట్టించిన పొగలేని పొయ్యిలు ఎక్కువ ఇళ్లలో నిలవలేదు. తర్వాత ఒడిశాలో రెమా హన్నా, ఎస్తేర్ డుఫ్లో, మైకేల్ గ్రీన్‌స్టోన్ నాలుగేళ్లపాటు సాగించిన అధ్యయనంలో, ప్రయోగశాలలో నెగ్గిన మెరుగైన పొయ్యిలు తొలి ఏడాది పీల్చే పొగను తగ్గించినా, ఆ తర్వాత ఆ మేలు కనబడలేదు. వాడకం తగ్గింది, మరమ్మతులు అంతంతమాత్రమయ్యాయి. అలాగని స్టవ్ మార్చడం దండగ అనుకోవడం కూడా పొరపాటే. మోంటానాలోని లిబ్బీ అనే లోయ పట్టణంలో 2005–2007 మధ్య వెయ్యికి పైగా పాత స్టవ్వులను తీసేసి కొత్తవి పెట్టించాక చలికాలపు సూక్ష్మ ధూళి నాలుగో వంతుకు పైగా తగ్గింది. గమనించాల్సిందేమంటే, ఆ ఫలితం ఏ ఒక్క బ్రాండ్‌దీ కాదు. పాత ఇనుప పెట్టెలు ఊరి మొత్తం మీద ఒకేసారి పోవడం వల్ల వచ్చింది.

అలాస్కాలోని ఫెయిర్‌బ్యాంక్స్‌లో సమస్య మరింత క్లిష్టం. చలి మైనస్ 40కి పడిపోయే రోజుల్లో చల్లని గాలి నేలకు అంటుకుని, పైన వెచ్చని గాలి మూతలా నిలిచి, ప్రతి ఇంటి పొగనూ ఊరి మీదే ఆపేస్తుంది. హీటింగ్ ఆయిల్ ఖరీదైనచోట కట్టెలు కాల్చవద్దనడం బీదవారిని చలికి వదిలేయడమేనన్న వాదనను తోసిపుచ్చలేం. ఆస్తమా ఉన్న పిల్లల తల్లిదండ్రుల మాటనూ తోసిపుచ్చలేం. 2009 నుంచి ఆ ప్రాంతం అమెరికా కేంద్ర వాయు నాణ్యత ప్రమాణాన్ని అందుకోని జాబితాలో ఉంది.

తెలుగు కుటుంబాలు ఎక్కువగా స్థిరపడిన, సియాటిల్ దగ్గరి రెడ్‌మండ్, సమామిష్, బాతెల్ ప్రాంతాల్లో ఇదే సమస్య తేలికపాటి రూపంలో ఎదురవుతుంది. గాలి స్తంభించిన శీతాకాలపు రోజుల్లో అక్కడి ప్యూజెట్ సౌండ్ వాయు నాణ్యత సంస్థ బర్న్ బ్యాన్, అంటే కట్టెలు కాల్చడంపై తాత్కాలిక నిషేధం, ప్రకటిస్తుంది. మొదటి దశలో ఫైర్‌ప్లేస్‌లు, ధ్రువీకరణ లేని స్టవ్వులు ఆపాలి. రెండో దశలో, ఇంటికి అదొక్కటే వేడినిచ్చే ఆధారమైతే తప్ప, ధ్రువీకరించిన స్టవ్వులు కూడా ఆపాల్సిందే. ఖరీదైన స్టవ్ కొన్నవారికి ఈ రెండో దశ మింగుడుపడదు. వారి అంకె ఎంత చిన్నదైనా నిశ్చలమైన గాలిలో వంద ఇళ్ల గ్రాములు కలిసే ఊపిరిలోకి వెళతాయన్నది మాత్రం మారదు.

గంటకు గ్రాములన్న కొలతలోనే ఒక మెలిక కూడా ఉంది. చిన్న స్టవ్ తక్కువ కట్టె కాలుస్తుంది కాబట్టి దాని అంకె చిన్నదిగా ఉంటుంది. అదే వేడికి ఎంత పొగ వదిలిందో ఆ అంకె చెప్పదు. న్యూజిలాండ్ 2005 నుంచే కిలో కట్టెకు 1.5 గ్రాములన్న పరిమితి పెట్టింది. క్రైస్ట్‌చర్చ్ ఉన్న క్యాంటర్‌బరీ ప్రాంతం ఇంకా ముందుకెళ్లి, ఇళ్లలో నిజంగా కాల్చే తీరును అనుకరించే పరీక్షతో, ఇచ్చిన వేడిని బట్టి పొగను లెక్కగట్టే అతి తక్కువ ఉద్గారాల స్టవ్వుల వర్గాన్ని తెచ్చింది. అమెరికాలోనూ రాజేయడం, మళ్లీ కట్టెలు వేయడం, గాలి బిగించడం అన్నీ కలిపి కొలిచే పరీక్షను న్యూయార్క్ రాష్ట్ర ఇంధన పరిశోధన సంస్థ సాయంతో నెస్కామ్ రూపొందించింది. బ్రాండ్ల మధ్య పోటీ పెట్టదలిస్తే పెట్టవలసింది ఇలాంటి పరీక్షలోనే.

చట్టం ప్రకారం ఇపిఎ ఈ ప్రమాణాలను ఎనిమిదేళ్లకోసారి సమీక్షించాలి. 2015 నిబంధనకు ఆ గడువు 2023లో ముగిసింది. ఆ ఏడాదే అలాస్కా, న్యూయార్క్, వాషింగ్టన్ సహా పది రాష్ట్రాలు, ప్యూజెట్ సౌండ్ సంస్థతో కలిసి ఇపిఎ మీద కోర్టుకెక్కాయి. ఆ పదింటిలో, వెర్మాంట్ కాస్టింగ్స్ పుట్టిన వెర్మాంట్ కూడా ఒకటి.