పూరీలో చదువుకున్న ఏసు, ఒక్క రోజులో ఎస్సీ సర్టిఫికెట్: ఆ వాట్సాప్ సందేశానికి జవాబు

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ తెలుగువాళ్ల ఫోన్లలో తిరుగుతున్న పెద్ద సందేశం సారాంశం ఇది. ఏసు పద్నాలుగో ఏట మన దేశానికి వచ్చి పూరీ జగన్నాథంలో వేదాలు చదువుకున్నాడు. డిసెంబరు 25 పుట్టుక నుంచి సిలువ దాకా కృష్ణుడి కథే క్రీస్తు కథ అయింది, పేరూ అదే, ఓంకారమే ఆమెన్. పురుషసూక్తంలోని ప్రజాపతీ, భవిష్య పురాణంలోని ఈశపుత్రుడూ ఆయనే. కాబట్టి క్రైస్తవం మన ఇంట్లోంచి పోయిందే. వదిలి రావడానికి స్టాంపు కాగితం మీద నోటరీ అఫిడవిట్ ఒకటి చాలు, మర్నాడే ఎస్సీ సర్టిఫికెట్.

చర్చి వదలాలా వద్దా అన్నది ఎవరికి వారు తేల్చుకోవలసిన సంగతి. దాని జోలికి ఇక్కడ పోవడం లేదు. మా అభ్యంతరం సందేశంతోనే. అందులో చరిత్ర భాగం నమ్మినవాళ్లు వాదనలో ఓడిపోతారు, అంతే. కాగితాల భాగం నమ్మినవాళ్లకు ఉద్యోగమే పోవచ్చు.

ముందు పూరీ. ఈ కథ పుట్టింది 1894లో పారిస్‌లో అచ్చయిన ఒక ఫ్రెంచి పుస్తకంలో. రాసినవాడు నొటోవిచ్ అనే రష్యన్. లదాఖ్‌లో కాలు విరిగి హెమిస్ మఠంలో ఉండిపోయాననీ, అక్కడి లామా ఈసా అనే ఆయన జీవితగ్రంథం చదివి వినిపించాడనీ చెప్పుకున్నాడు. టిబెటన్ బౌద్ధ గ్రంథ సంపుటాలైన కంజూర్, తంజూర్‌ల పట్టికల్లో అలాంటిది లేనే లేదని మాక్స్ ముల్లర్ ఆ ఏడాదే ఎత్తిచూపాడు. 1895లో ఆగ్రా నుంచి డగ్లస్ అనే ప్రొఫెసర్ హెమిస్ వెళ్లి, పుస్తకంలోని భాగాలు మఠాధిపతికి వినిపించాడు. అలాంటి గ్రంథం తమ దగ్గర లేదని ఆయన తేల్చేశాడు. 1922లో స్వామి అభేదానంద వెళ్లి చూశారు కదా అంటారు. చూశానని ఆయన రాసిన మాట నిజమే. కానీ ఆ మూలప్రతి ఈనాటికీ పండితుల పరీక్షకు రాలేదు.

పంచేవాళ్లు ఆ కథను చివరిదాకా చదివినట్టు కూడా లేదు. నొటోవిచ్ రాసిన ఈసా జగన్నాథంలో, రాజగృహంలో, కాశీలో ఆరేళ్లు ఉన్నమాట సరే. అక్కడ ఆయన చేసిందేమిటి? వైశ్యులకూ శూద్రులకూ బోధించి పూజారులతో తగువు పెట్టుకున్నాడు. వేదాలూ పురాణాలూ దైవదత్తం కావన్నాడు. త్రిమూర్తులు లేరన్నాడు. పూజారులు చంపించబోతే శూద్రులు ముందే చెవిన వేశారు, రాత్రికి రాత్రి పారిపోయి బౌద్ధుల దేశం చేరాడు. ఏసు మన శిష్యుడని చెప్పడానికి ఈ కథను తెచ్చుకున్నవాళ్లు సొంత కేసుకే ఎదురు సాక్షిని పిలుచుకున్నారు.

ఇప్పుడున్న పూరీ ఆలయం 12వ శతాబ్దంలో అనంతవర్మ చోడగంగదేవుడు మొదలుపెట్టించింది. ఆయన పూర్వుల రాజధాని కళింగనగరం, అంటే పర్లాకిమిడి నుంచి ఒక పూటలో వెళ్లి రాగల మన ముఖలింగం. అంతకుముందు పూరీలో గుడే లేదని దీనర్థం కాదు. ఒకటో శతాబ్దంలో అక్కడ ఒక యూదు కుర్రవాడు చదువుకున్నాడనడానికి మాత్రం శాసనం లేదు, రాత లేదు.

కృష్ణుడు, క్రీస్తు, ఆమెన్ సంగతి రెండు ముక్కల్లో. క్రీస్తు అభిషిక్తుడనే అర్థం గల గ్రీకు మాట, కృష్ణ అంటే నలుపు. ఆమెన్ హీబ్రూ, ద్వితీయోపదేశకాండం 27వ అధ్యాయంలో జనం ఒక్కో శాపం విని ఆ మాటే బదులు పలుకుతారు. కృష్ణుడూ డిసెంబరు 25నే పుట్టాడట! శ్రావణ బహుళాష్టమి డిసెంబరులో ఎప్పుడు వచ్చిందో పంచాంగం చూసి చెప్పాలి.

ఇక కృష్ణుణ్నీ సిలువ వేశారన్న మాట. ఇది 1875లో అమెరికాలో కెర్సీ గ్రేవ్స్ రాసిన పుస్తకం వల్ల బాగా పాకింది. భారతం మౌసల పర్వంలో ఉన్నది జర అనే వేటగాడు, అరికాలిలో దిగిన బాణం. ఒడిశాలో ఆ కథ అక్కడితో ఆగదు. బాణం వేసింది జరా శబరుడు, చితిలో కాలని దేహభాగం నీళ్లలో దారువై కొట్టుకొచ్చింది, అదే జగన్నాథుడయింది అని ఇక్కడ అందరూ చెప్పుకుంటారు. పూరీ గుడి సేవకులైన దైతాపతులు తాము విశ్వావసు శబరుడి సంతతి అంటారు. ఆ శబరులే అయిన సవరల ఊళ్ల మధ్య కాపురముంటూ ఈ కథ వదిలేసి, అమెరికా సిలువ కథను మన పురాణమని పంచడం మాకు మింగుడుపడదు.

పురుషసూక్తం వాదన కొంచెం నిలబడేలా కనిపిస్తుంది కాబట్టి దాన్ని నిదానంగా చూద్దాం. అసలిది చర్చివైపు నుంచి వచ్చిన వాదన. వేదాల్లోని ప్రజాపతి యజ్ఞం క్రీస్తు బలికి ముందునీడ అని బెంగాలీ క్రైస్తవ పండితుడు కృష్ణమోహన్ బెనర్జీ 1875లో పుస్తకమే రాశాడు. తెలుగు ప్రచారకుల కరపత్రాల్లో దానికి కొత్త కొత్త ముక్కలు తగిలాయి. ప్రజాపతి తలకు బలుసు ముళ్ల కిరీటం పెట్టాలని, ఎముక విరగకూడదని, ఇలాంటివి. మూలం తీసి చూడండి. ఋగ్వేదం పదో మండలం 90వ సూక్తం, 16 మంత్రాలు. తెలుగు ఇళ్లలో చదివే కృష్ణ యజుర్వేద పాఠంలో 18. దేవతలు పురుషుణ్ని యజ్ఞపశువుగా కట్టారన్న మాట ఉంది: ‘అబధ్నన్ పురుషం పశుమ్’. వసంతం నెయ్యి, గ్రీష్మం సమిధ, శరత్తు హవిస్సు. కంటి నుంచి సూర్యుడు, మనసు నుంచి చంద్రుడు, ముఖబాహువుల నుంచి, తొడల నుంచి, పాదాల నుంచి నాలుగు వర్ణాలు. ముళ్ల కిరీటం లేదు, పాపక్షమాపణ లేదు, మూడో రోజు లేవడం లేదు. ప్రజాపతి అన్న పేరు కూడా ఆ 16 మంత్రాల్లో లేదు, పురుషుణ్నీ ప్రజాపతినీ ఒకటి చేసింది తర్వాతి బ్రాహ్మణ గ్రంథాలు. సృష్టి ఎలా జరిగిందో చెప్పే సూక్తమిది. ఒకే పోలిక చూపి పాస్టరు చర్చిలోకి రమ్మంటాడు, సందేశం బయటికి రమ్మంటుంది. రెండువైపులకూ సమానంగా పనికొచ్చే పోలికతో ఏదీ రుజువు కాదు.

భవిష్య పురాణంలో శాలివాహనుడికి హిమాలయాల్లో కనిపించి ‘నేను ఈశపుత్రుణ్ని, కన్యాగర్భాన పుట్టాను’ అనే తెల్లని పురుషుడు ఉన్న మాట నిజమే. అది ఉన్నది ఆ పురాణంలోని ప్రతిసర్గ పర్వం అనే భాగంలో. అక్బరూ అందులోనే ఉన్నాడు, ‘రవివారే చ సండే చ’ అని ఇంగ్లీషు ఆదివారమూ అందులోనే ఉంది. సండే ఎరిగిన భాగాన్ని ఏసు కాలపు సాక్ష్యమని ఎలా నమ్మాలి?

ఇప్పుడు అసలు ప్రమాదం, కాగితాలు.

ఆంధ్రలో మతమార్పిడి చట్టం లేదు కాబట్టి పాతపట్నం వైపు చెల్లిన పద్ధతి ఇక్కడా చెల్లుతుందనుకుంటారు. ఒడిశాలో 1967 మతస్వేచ్ఛ చట్టం, 1989 నియమాలు ఉన్నాయి. 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని నిలబెట్టింది. ఒక మతాన్ని విడిచి మరొకటి స్వీకరించడమే దాని లెక్కలో మార్పిడి. అందువల్ల చర్చికి వెళ్లడం మానేసి ఏ మతంలోనూ చేరనివాళ్లకు ఈ చట్టంతో పని లేదు. హిందూ మతంలోకి వస్తే మాత్రం ఉంది. సొంత మతానికి తిరిగి రావడాన్ని ఆ నిర్వచనం మినహాయించలేదు, ‘ఘర్ వాపసీకి ఇవన్నీ అక్కర్లేదు’ అనేవాళ్ల మాట నమ్మకండి.

వరుస ఇదీ. మారదలచిన మనిషి, కార్యక్రమానికి ముందే, తన ఇష్టంతోనే మారుతున్నానని ఆ ప్రాంతపు ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్ ఎదుట ప్రకటన ఇవ్వాలి. కార్యక్రమం జరిపించే పూజారి తేదీ, సమయం, చోటు, మారేవాళ్ల పేర్లు, చిరునామాలు 15 రోజుల ముందు జిల్లా కలెక్టరుకు రాతపూర్వకంగా, చేతికి గానీ రిజిస్టర్డ్ పోస్టులో గానీ పంపాలి. రసీదు దాచుకోవాలి. శుద్ధి, హోమం, ఆ తర్వాత గుడి లేదా సంస్థ ఇచ్చే ధ్రువపత్రం. నోటరీ అఫిడవిట్ వీటన్నిటికీ తోడుండే కాగితం మాత్రమే. తరచుగా చెడేది ఇక్కడే: ముందు హోమం చేసేసి ప్రకటన తర్వాత రాయిస్తారు, తేదీలు తలకిందులవుతాయి, తర్వాత విచారణలో మొదట బయటపడేది అదే.

చర్చికి కూడా సభ్యత్వం రద్దు చేయమని రెండు ప్రతుల్లో ఉత్తరం ఇచ్చి ఒకదాని మీద అందినట్టు సంతకం తీసుకోండి. బాప్తిస్మం రిజిస్టరులో పేరు కొట్టేయమని గొడవపడితే లాభం లేదు. అది జరిగిన సంఘటన నమోదు, చెరపరు. సభ్యుల పట్టీ వేరు. పేరు మార్చుకోవాలన్న నియమం ఎక్కడా లేదు. మార్చుకుంటే పత్రికా ప్రకటన, గెజెట్, ఆపై స్కూలు సర్టిఫికెట్ నుంచి పాన్ కార్డు దాకా అన్నీ దిద్దించుకోవాలి.

మర్నాడే ఎస్సీ సర్టిఫికెట్ అన్నది సందేశంలో అన్నిటికన్నా పెద్ద అబద్ధం. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకు, 1956 నుంచి సిక్కులకు, 1990 నుంచి బౌద్ధులకు. తిరిగి వచ్చినవాళ్లు మూడు రుజువు చేయాలని 2015లో కె.పి. మను కేసులో సుప్రీంకోర్టు చెప్పింది: తమ కులం ఉత్తర్వులో ఉండాలి, తల్లిదండ్రులో అంతకుముందు తరాలో తాము తిరిగి వచ్చిన మతానికి చెందినవాళ్లై ఉండాలి, కులంవాళ్లు తమలో కలుపుకున్నట్టు ఆధారం ఉండాలి. క్రైస్తవ దంపతులకు పుట్టినవాళ్లకూ దారి ఉంది. 1976లో గుంటూరు మెడికల్ కాలేజీ కేసులోనే ఆ సంగతి తేలింది.

మూడో షరతు దగ్గరే చాలామంది ఆగిపోతారు. కులపెద్దల సంతకం ఉన్న కాగితం కన్నా, ఆ కులం పెళ్లిళ్లలో, చావుల్లో మీరు ఉన్నారా లేదా అన్నదే విచారణలో ఊళ్లో అడుగుతారు. రెండో షరతుకు ఒడిశాలో మంచి ఆధారం భూమి పట్టా. ఇక్కడి పట్టాలో రైతు పేరు పక్కన కులం కూడా రాస్తారు, తాత పేరున ఉన్న పాత పట్టా వెతికి పెట్టుకోండి. ఆది ఆంధ్ర, మాదిగ, రెల్లి ఒడిశా జాబితాలోనూ ఉన్నాయి. కానీ ఆంధ్రలో తీసుకున్న సర్టిఫికెట్ ఒడిశా రిజర్వేషన్‌కు పనికిరాదు. సవర, కంధ లాంటి ఎస్టీల హోదాకు మతం షరతే లేదు, వాళ్లకు ఈ సందేశం ఇచ్చే ఆశ ఉత్తదే.

అఫిడవిట్ ఇచ్చి ఆదివారం ఆరాధనకు వెళ్తూనే ఉన్నవాళ్ల సంగతి? 2024 నవంబరులో సెల్వరాణి కేసులో సుప్రీంకోర్టు ఇలాంటి దావానే కొట్టేసింది. బాప్తిస్మం తీసుకుని, చర్చికి వెళ్తూ, నమ్మకం లేకుండా ఉద్యోగం కోసమే హిందువునని చెప్పడం రాజ్యాంగాన్ని మోసం చేయడమేనంది. సర్టిఫికెట్ చెల్లదని తేలితే దానితో వచ్చిన కొలువూ పోతుంది.

పెళ్లి ఊసే సందేశంలో లేదు. చర్చిలో జరిగిన పెళ్లి మతం మారినంత మాత్రాన రద్దు కాదు. అయితే భార్యాభర్తల్లో ఒకరే క్రైస్తవం వదిలి వేరే మతం తీసుకుంటే, 1869 విడాకుల చట్టం పదో సెక్షన్ కింద రెండోవాళ్లు ఆ కారణం మీదే విడాకులు కోరవచ్చు. మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లేలోపే ఈ విషయం ఇంట్లో మాట్లాడుకోండి.