టైట్ డెడ్‌లైన్ పెడితేనే పని అవుతుందా?

సాఫ్ట్‌వేర్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. "టైమ్ ఎంతిస్తే పని అంత సాగుతుంది, కాబట్టి డెడ్‌లైన్ టైట్‌గా పెట్టండి. అయినా లేటైతే మనుషుల్ని పెంచండి. ఎస్టిమేట్ ఇచ్చింది డెవలపరే, బాధ్యతా అతనిదే." కింద బోలెడన్ని చప్పట్లు. కొట్టినవాళ్లలో కోడ్ రాసేవాళ్లు ఎందరో నాకు అనుమానమే.

మొదటి మాట బ్రిటిష్ చరిత్రకారుడు పార్కిన్సన్‌ది. 1955లో 'ది ఎకనమిస్ట్'లో ఆయన రాసింది వ్యంగ్య వ్యాసం. బ్రిటన్‌లో యుద్ధనౌకలు తగ్గుతున్నా నౌకాదళ కార్యాలయంలో ఉద్యోగులు పెరుగుతూ పోయారని లెక్కలు చూపించి నవ్వించాడు. దాన్ని తెచ్చి ప్రోగ్రామర్ల బద్ధకానికి రుజువుగా అంటగట్టేశారు.

అసలు జబ్బు వేరే. మనమంతా తక్కువ అంచనా వేస్తాం, ఎవరూ ఒత్తిడి పెట్టకపోయినా సరే. 1994లో అచ్చయిన ఒక అధ్యయనంలో విద్యార్థులను థీసిస్ ఎన్నాళ్లలో ముగిస్తారని అడిగారు. సగటున 34 రోజులన్నారు. అన్నీ అడ్డం తిరిగితే? 49 అన్నారు. పట్టింది 55 పైనే. ఇలా ముందే తక్కువ పడ్డ లెక్కలోంచి మళ్లీ కోయమంటోంది ఈ మెసేజ్.

నేనూ తక్కువేం కాదు. ఒకసారి పుట్టినతేదీతో వెతికే సౌకర్యం పెట్టమంటే రెండు రోజులు చాలన్నాను. స్క్రీన్ మీద గడి మధ్యాహ్నానికే వచ్చేసింది. పాత రికార్డులు తెరిస్తే తేదీలు కొన్నింట్లో రోజు ముందు, కొన్నింట్లో నెల ముందు, కొన్నింట్లో సంవత్సరానికి రెండంకెలే. 03-04-05 అంటే ఏ రోజో మీరే చెప్పండి. అది తేల్చేసరికి తొమ్మిది రోజులైంది. డెడ్‌లైన్ ఒక్క రోజే అయ్యుంటే? తప్పుడు తేదీలతోనే రిలీజ్ అయ్యేది, అంతే.

ఇక మనుషుల్ని పెంచడం. ఐబీఎంలో ఓఎస్/360 అనే ఆపరేటింగ్ సిస్టమ్ పని నడిపించిన ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే చెప్పాడు, లేటైన ప్రాజెక్టులో మనుషుల్ని వేస్తే ఇంకా లేటవుతుందని. ఐదుగురుంటే మాట్లాడుకోవాల్సిన జతలు 10. పదిమందైతే 45. పైగా కొత్తవాళ్ల సందేహాలు తీర్చాల్సింది ఎవరు? అప్పటికే నిద్ర లేకుండా కోడ్ రాస్తున్నవాళ్లే. మొదట్లోనే, విడదీయగల పనికి చేర్చుకుంటే వేరే సంగతి.

కదలని తేదీలు ఉండవా అంటే, ఉంటాయి. సంవత్సరాన్ని రెండంకెల్లో దాచుకున్న పాత ప్రోగ్రాములను 2000 జనవరి 1 లోపు సరిచేయాల్సి వచ్చింది, ఆ తేదీ ఎవరి కోసమూ ఆగలేదు. తేదీ కదలనప్పుడు పనిలో కోత పెట్టుకోవాలి. ఆ మెసేజ్‌లో ఈ ఊసే లేదు.

చివరిది, బాధ్యత. ఎస్టిమేట్ మీటింగ్ ఎలా నడుస్తుందో చూసినవాళ్లకు తెలుసు.

"ఎన్ని రోజులు?"

"పది, సర్."

"ఐదులో అవదా? క్లయింట్‌కి ఆల్రెడీ చెప్పేశాం."

"...ట్రై చేస్తాను, సర్."

సాయంత్రం అందరికీ వెళ్లిన మెయిల్‌లో ఉన్నది: "డెవలపర్ ఐదు రోజుల్లో ఇస్తానని ఒప్పుకున్నారు."