అత్యవసరమట, ఉద్యోగం మాత్రం కాదట!

అంగన్‌వాడీ టీచర్లు జీతం పెంచమని అడిగితే, మీది ఉద్యోగమే కాదు, గౌరవ సేవ అంటారు. పోనీ సేవే కదా అని నాలుగు రోజులు మానేస్తే ఎస్మా అంటారు, అంటే అత్యవసర సేవల్లో సమ్మెను నిషేధించే చట్టం. 2024 జనవరి 6న ఆంధ్రప్రదేశ్‌లో జరిగింది ఇదే. ఆ 42 రోజుల అంగన్‌వాడీ సమ్మె గురించి పాఠకులకు కొత్తగా చెప్పేదేం లేదు. కేంద్రాల తాళాలు పగలగొట్టించడం, నోటీసులు, ఊడబీకుతామన్న బెదిరింపులు అన్నీ చూశాం. ఒక్క సంగతి మాత్రం మాకు ఇప్పటికీ మింగుడు పడటం లేదు. ఉద్యోగమే కానిదాన్ని ఊడబీకడం ఎలా? అంత అత్యవసరమైన సేవ అయితే దానికి నెలకు 11,500 ఏమిటి?

అంగన్‌వాడీలు నడిచే ఐసీడీఎస్ (సమగ్ర శిశు అభివృద్ధి సేవలు) పథకం 1975 అక్టోబరు 2న మొదలైంది. అంటే యాభై ఏళ్లు దాటాయి. ఇన్నేళ్లుగా ఊళ్లో పేదోళ్ల పిల్లలకు మొదటి బడి ఇదే. ఎల్‌కేజీ, యూకేజీ అన్న మాటలు లేవు గానీ చేసే పని అదే, ఇంకా చెప్పాలంటే అంతకు మూడింతలు. పొద్దున కేంద్రం తెరవగానే తల్లి కొంగు వదలని మూడేళ్ల పిల్లాడొకడు, వాణ్ని చూసి ఏడుపు అందుకునే మరో ముగ్గురు. ఒకడికి ముక్కు తుడిచేలోపు ఇంకొకతి లాగు తడుపుకుంటుంది. ఆయమ్మ వంట దగ్గర ఉంటుంది కాబట్టి అదీ టీచరే చూసుకోవాలి. ఈ సందట్లోనే ఆటలు, పాటలు, రంగులు, అంకెలు. మధ్యలో బరువులు తూచాలి, గుడ్లు లెక్కపెట్టాలి, రిజిస్టర్లు రాయాలి, ఎన్నికలొస్తే బీఎల్వో (ఓటర్ల జాబితా చూసే బూత్ స్థాయి అధికారి) డ్యూటీ చేయాలి. ఇప్పుడు వీటన్నిటి మీద ఫోను. ఇంటికిచ్చే సరుకులు ఇవ్వాలంటే గర్భిణి, బాలింత ముఖం యాప్‌లో సరిపోలాలి. ఓటీపీ వెళ్లేది భర్త ఫోనుకి, ఆయనేమో పనికి వెళ్లి ఉంటాడు. సిగ్నల్ కోసం టీచరు గుమ్మం బయట నిలబడితే లోపల పిల్లలు ఎవరి పాఠం వాళ్లే చెప్పుకుంటుంటారు!

అయినా ఏళ్ల తరబడి ఈ పని వదలకుండా చేస్తున్నవాళ్లు వేలల్లో ఉన్నారు. ఎందుకని అడిగి చూడండి, జీతం సంగతి మొదట చెప్పరు. నెల రోజులు ఎవరితోనూ మాట్లాడకుండా మూలన కూర్చున్న పిల్ల ఒకరోజు ఉన్నట్టుండి పాటలో గొంతు కలపడం గురించి చెబుతారు. ఇంట్లో గోండో, కోయో, లంబాడీయో మాట్లాడే పిల్లాడు బడిలో తెలుగు అర్థం కాక బిత్తరపోయి, తర్వాత ఆ రెండు భాషలూ కలిపి టీచరుతోనే పోట్లాటకు దిగడం గురించి చెబుతారు. పలక మీద గీత నిలబడటానికే వారాలు పడుతుంది, అది నిలబడిన రోజు పిల్లాడు ఆ పలకను ఊరంతా చూపించి వస్తాడు. ఇరవై ఏళ్ల కిందట తన దగ్గర అన్నం ముద్దలు తిన్న పిల్ల ఇప్పుడు తన బిడ్డను తెచ్చి, ‘టీచరమ్మా, వీడూ నాలాగే మొండోడు’ అని అప్పజెప్పి వెళ్తుంది. ఈ తృప్తి నిజం, మేం కాదనం. ఏలినవాళ్లు ఆ తృప్తినే జీతంలో భాగంగా లెక్క కట్టేశారన్నదే మా కోపం. తృప్తి చూపిస్తే కిరాణా కొట్టువాడు బియ్యం ఇవ్వడు.

ఖజానా పరిస్థితి బాగోలేదని, కేంద్ర ప్రభుత్వం నిర్ణయించిన గౌరవ వేతనం 2018 నుంచీ 4,500 దగ్గరే ఆగిపోయిందని, ఆపైన ఇచ్చేదంతా రాష్ట్రాలే మోయాలని వాదించేవాళ్లున్నారు. అందులో నిజం ఉంది. కానీ డబ్బు లేకపోవడం వేరు, చేయించుకునే పనికి ఉద్యోగమన్న పేరే లేకుండా చేయడం వేరు. జాతీయ విద్యా విధానం 2020 తెరిచి చూడండి, పిల్లల మెదడు ఎదుగుదల 85 శాతానికి పైగా ఆరేళ్లలోపే జరుగుతుందని రాసుకున్నారు. అంత కీలకమైన వయసును చేతిలో పెట్టింది ఎవరికి? ‘గౌరవ’ సేవకురాలికి! కాగితం మీద పునాది అంటారు, జీతం దగ్గరికొస్తే వలంటీరు అంటారు.

2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు అంగన్‌వాడీలకు గ్రాట్యుటీ వర్తిస్తుందని తీర్పిస్తూ, ఆ చట్టం ప్రకారం వాళ్లకిచ్చే గౌరవ వేతనం కూడా వేతనమేనని స్పష్టంగా చెప్పింది. అయినా ప్రభుత్వాల నోట గౌరవం అన్న మాట పోవడం లేదు. ఇంత చవగ్గా దొరికే గౌరవాన్ని ఎవరు వదులుకుంటారు?

ఇందులో ఏ పార్టీకీ మినహాయింపు లేదు. ఎస్మా పెట్టినవాళ్లు ఎలాగూ పెట్టారు. ఆనాడు అంగన్‌వాడీలకు సంఘీభావం చెప్పిన పార్టీలే తర్వాత గద్దెనెక్కాయి. తెలంగాణలో కార్యకర్త అన్న పేరు తీసేసి టీచరు అన్నారు, బాగానే ఉంది, జీతం 13,650. పద్దెనిమిది వేలు ఇస్తామని 2023 మేనిఫెస్టోలో రాసుకున్న పార్టీ అధికారంలోకి వచ్చాక, ఆ కాగితమే పట్టుకుని టీచర్లు రోడ్డెక్కాల్సి వచ్చింది. పేరు మార్చడానికి ఖర్చు లేదు కాబట్టి అది మాత్రం వెంటనే అయిపోతుంది.

2025 జూలైలో హైదరాబాద్‌లో ఒక స్కూలు నర్సరీ ఫీజు ఏడాదికి రెండున్నర లక్షలంటూ చక్కర్లు కొట్టిన కాగితం గుర్తుందా? ఆంధ్రలో అంగన్‌వాడీ టీచరు ఏడాది జీతం మొత్తం కలిపితే 1,38,000. ఒక్క పిల్లాడికి ఏబీసీడీలు నేర్పడానికి అక్కడ తీసుకునేది, ఊళ్లో పిల్లలందరినీ సాకినందుకు ఇక్కడ ఇచ్చేదానికి రెండింతలకు కాస్త తక్కువ. (ఆ రెండున్నర లక్షల్లో అక్కడి టీచరుకు ఎంత ముడుతుందన్నది వేరే సంపాదకీయం.)

రేపు మళ్లీ సమ్మె జరిగితే మళ్లీ ఎస్మా తీస్తారనే మా భయం. ఒకసారి చెల్లిందిగా, ఇంకోసారీ చెల్లుతుందనుకుంటారు. ఇవాళ అంగన్‌వాడీ, రేపు ఆశా కార్యకర్త, ఎల్లుండి మధ్యాహ్న భోజనం వండే ఆమె. ఉద్యోగి హక్కులు ఒక్కటీ ఇవ్వకుండా ఉద్యోగి మీద వాడే కర్రను మాత్రం వాడొచ్చని నేర్చుకున్న ప్రభుత్వం ఆ అలవాటు తనంతట తాను మానుకోదు. ఎస్మా వేసిన రోజునే ఆ చేత్తోనే పే స్కేలు జీవో కూడా ఇవ్వాలి. అది చేతకాకపోతే ఎస్మా ఫైలు ముట్టుకోకూడదు.

గౌరవ సేవ అన్న మాట ఇంకా అంత ముద్దుగా ఉంటే, ఆ ఫైలు మీద సంతకం పెట్టే పెద్దలు ఒక్క సోమవారం పొద్దున తొమ్మిదింటికి ఏదైనా కేంద్రానికి వచ్చి కూర్చోండి. ఫొటోగ్రాఫర్లు వద్దు. ఫోను కూడా ఇంట్లోనే పెట్టి రండి, అక్కడ ఒకటి ఉంది. అందులో బాలింత ముఖం ఇంకా సరిపోలాల్సి ఉంది, ఈలోగా ఆ మూలనున్న పిల్లాడి లాగు మార్చండి.