టికెట్ ఎవరు కొన్నారు సార్?

ఫాసిజం అంటే ఏమిటో తేల్చడానికి వందేళ్లుగా పండితులు చెమటోడుస్తున్నారు. వారి శ్రమకు నమస్కారం. ఒక్కటే విన్నపం: ఆ నిర్వచనాలన్నీ చంకన పెట్టుకుని మిలాన్ నుంచి రోమ్ వెళ్లే రాత్రి రైలెక్కండి.

1922 అక్టోబర్ 29. ముస్సోలినీ ఫాసిస్టుల నల్లచొక్కాల దండు రోమ్ మీదికి బయల్దేరి, సరైన తిండి లేక వానలో తడుస్తూ ఊరి బయటే ఆగిపోయింది. మార్షల్ లా కాగితం మీద సంతకం పెట్టమని ప్రధాని ఫాక్టా అడిగితే రాజుగారు ససేమిరా అన్నారు. పైపెచ్చు ప్రభుత్వం ఏర్పాటు చెయ్యమని ముస్సోలినీకే కబురంపారు. విప్లవ నాయకుడు స్లీపర్ బోగీలో పడుకుని 30 ఉదయానికి రోమ్‌లో దిగాడు.

ఇప్పుడు ఆ బెర్తు చుట్టూ మన పండితులు. ఇటలీ తత్వవేత్త క్రోచే గారు థర్మామీటర్ పెడతారు: ఇటలీకి ఏదో నైతిక జబ్బు చేసిందట, దాని చరిత్రలో ఇది మధ్యలో వచ్చిపోయిన బ్రాకెట్ అట. ఇదంతా పెట్టుబడిదారుల పనేనని కమ్యూనిస్టు ఇంటర్నేషనల్ వారు అతని జేబులో బ్యాంకు పాస్‌బుక్ వెతుకుతారు. జర్మన్ చరిత్రకారుడు నోల్టే గారికి పాపం జాలేస్తుంది, పక్క బోగీలో బోల్షివిక్‌ను చూసి జడుసుకున్నాడని. నిద్రలో 'జాతి పునర్జన్మ' అని కలవరిస్తుంటే బ్రిటిష్ పండితుడు గ్రిఫిన్ గారు నోట్సు రాసుకుంటారు. ముస్సోలినీ జీవితచరిత్రకారుడు డె ఫెలీచే గారైతే ప్రయాణికుడు ఎటు ఒత్తిగిల్లాడో 1965 నుంచి 1996లో పోయేదాకా సంపుటాల కొద్దీ రాస్తూనే ఉన్నారు. టికెట్ చూపించమని అడిగే నాథుడు లేడు. (అమెరికన్ చరిత్రకారుడు పాక్స్టన్ అడిగాడు. ఆయన్ని వదిలేద్దాం.)

కొన్నది ఎవరో అప్పుడే అందరికీ తెలుసు. పో లోయ భూస్వాములు డబ్బిచ్చారు, లారీలిచ్చారు. ఆ లారీల్లో దిగినవాళ్లు కూలీ సంఘాల ఆఫీసులు తగలబెట్టి, నాయకుల నోట్లో ఆముదం పోస్తుంటే పోలీసులు గుడ్లప్పగించి చూశారు. 1921లో ఈ రౌడీమూకనే అప్పటి ప్రధాని, పెద్దమనిషి జొలిట్టి తన ఎన్నికల కూటమిలో చేర్చుకుని పార్లమెంటుకు పంపాడు. ఇందులో జబ్బేమిటండీ? తెలిసి తెలిసి చేసిన బేరం! సిగ్గులేని బేరం!

ఎన్నికల్లో జరిగిన దౌర్జన్యాన్ని 1924 మే 30న సభలో లేచి నిలదీసినందుకు, జూన్ 10న సోషలిస్టు ఎంపీ మత్తెయోత్తిని ఫాసిస్టులు కారులో ఎత్తుకెళ్లి చంపేశారు. ఇంకా శవం కూడా దొరకలేదు, ఆ నెలలోనే సెనేట్ ముస్సోలినీ మీద విశ్వాసం ప్రకటించింది. అవునని ఓటేసిన సెనేటర్లలో మన థర్మామీటర్ గారూ ఉన్నారు. మరుసటి ఏడాది ఫాసిజానికి వ్యతిరేకంగా మానిఫెస్టో రాశారు, కాదనను. మత్తెయోత్తికి అది చదివే అవకాశం లేకపోయింది.