పాత బండి అయితే కాళ్లు తీసేయవచ్చా?

ఈ ఉదయం పక్క తోటలో గడ్డి కోస్తున్న ట్రాక్టరు గట్టు దాటి వచ్చి నా బేనీషా అంటును తొక్కి ఆగింది. అంటు పోతే పోయింది. దాని గురించి కాదు నా మంట. డ్రైవర్ కుర్రవాడు వణుకుతూ "క్లచ్ పూర్తిగా తొక్కానన్నా, అయినా బండి ఆగలేదు" అంటుంటే, బండి యజమాని తాపీగా బీడీ ముట్టించుకుని "పాత బండి కదన్నా, కొంచెం అలాగే నెడుతుంది" అని తీర్పు చెప్పాడు. నెడుతుందట! కోడలిని అత్త నెట్టినట్లు, ఇంటి గొడవలాగా తేల్చేశాడు. ఆ గట్టు మీద అంటుకు బదులు మా ఆవిడ కూర్చుని ఉంటే ఏమనేవాడో!

కుర్రవాడు అబద్ధం చెప్పలేదు. క్లచ్ తొక్కినా ఆ బండి ఆగదు. ఎందుకు ఆగదో జీవితమంతా ట్రాక్టర్లు తిప్పిన పెద్దమనుషులకు కూడా పట్టదు చూడండి, అక్కడ కాలుతోంది నాకు. సింగిల్ క్లచ్ ఉన్న పాత బండ్లలో వెనక పీటీఓకు, అంటే తగిలించిన మిషన్‌ను తిప్పే ఇరుసు మొనకు, శక్తి క్లచ్ దాటాక గేర్‌బాక్సు నుంచే అందుతుంది. గొర్రు కట్టినంతకాలం దీంతో ఏ బాధా లేదు, గొర్రులో తిరిగే భాగమే ఉండదు కాబట్టి. గడ్డి కోసే స్లాషర్ అలా కాదు. దాని పొట్ట కింద బరువైన ఇనుప బ్లేళ్లు గిర్రున తిరుగుతుంటాయి. క్లచ్ తొక్కగానే ఇంజను విడిపోతుంది, నిజమే. మరి ఆ బ్లేళ్లలో ఉన్న ఊపు ఎక్కడికి పోవాలి? మిషన్‌నూ బండినీ కలిపే షాఫ్ట్ గుండా తిరిగొచ్చి గేర్‌బాక్సును తిప్పుతుంది, గేర్‌బాక్సు పెద్ద చక్రాలను తిప్పుతుంది. ఆ కాసేపు బండిని లాగేది ఇంజను కాదు, వెనక ఉన్న గడ్డి మిషన్. ముందు బావి ఉన్నా, మనిషి ఉన్నా దానికి ఒకటే.

దీనికి మందు లేదా అంటే, ఉంది. ఓవర్ రన్నింగ్ కప్లింగ్ అని చిన్న ఇనుప దిమ్మ. పీటీఓ మొనకు దాన్ని తొడిగి, ఆ పైన షాఫ్ట్ తగిలిస్తారు. సైకిల్ ఫ్రీవీల్ చేసే పనే ఇదీ చేస్తుంది. బండి మిషన్‌ను తిప్పగలదు, మిషన్ మాత్రం బండిని తిప్పలేదు. అది తొడిగాక షాఫ్ట్ ఆ మేరకు వెనక్కి జరుగుతుంది కాబట్టి మిషన్‌ను ఎత్తే లిఫ్ట్ మెల్లగా పైకీ కిందికీ ఆడించి చూసుకోవాలి. షాఫ్ట్ లోపలి గొట్టం బయటి గొట్టంలో చివరిదాకా వెళ్లి గుద్దుకుంటుంటే కొలిచి కోయించాలి. అంతకు మించి విద్య ఏమీ లేదు. పీటీఓకు విడిగా క్లచ్ ఉన్న బండ్లకు ఈ తంటానే లేదు. ఈ సంగతి చెబితే యజమాని నన్ను చూసి నవ్వాడు. "మా నాయన కాలం నుంచి ఇలాగే కోస్తున్నాం, ఏమైందన్నా మాకు?" అన్నాడు. ఏమీ కాలేదు నాయనా. ఏమీ కానివాళ్లే కదా ఆ మాట చెప్పడానికి మిగులుతారు!

సరే, కోపం దిగలేదు కాబట్టి వంగి ఆ షాఫ్ట్ కూడా చూశాను. చూడకుండా ఉన్నా బాగుండేది. షాఫ్ట్ మీద ఉండాల్సిన ప్లాస్టిక్ గొట్టం లేదు. గ్రీజు కొట్టడానికి అడ్డం వస్తోందని ఎప్పుడో కోసి పారేశారట. పీటీఓ దగ్గర తాళం పిన్ను ఉండాల్సిన చోట మూడంగుళాల మేకు దూర్చి కొన వంచారు. ఆ వంచిన కొనకు నీలం రంగు నూలు పోగు ఒకటి చుట్టుకుని ఉంది. ఎవరి లుంగీదో, ఎవరి తువ్వాలుదో! తెగాల్సిన షియర్ బోల్ట్ బదులు గట్టి ఇనుప కడ్డీ ముక్క వేసి వెల్డింగ్ పెట్టారు. షియర్ బోల్ట్ పనే తెగిపోవడం మహాప్రభో. బండకు తగిలినప్పుడు అది తెగితేనే గేర్‌బాక్సు, షాఫ్ట్, పక్కన నిలబడ్డవాడు మిగులుతారు. "మాటిమాటికీ తెగుతోందన్నా, అందుకే గట్టిది వేశాం" అని గర్వంగా చెప్పాడు. ఇంట్లో ఫ్యూజు పోతోందని దబ్బనం పెట్టే జాతి మనది.

పీటీఓ నిమిషానికి 540 చుట్లు తిరుగుతుంది. అంటే సెకనుకు 9. తువ్వాలు కొస అందుకున్నదంటే, చెయ్యి వెనక్కి తీసుకోవాలని మెదడు అనుకునేలోపే భుజం దాకా చుట్టేసుకుంటుంది. నాకు ఇది పుస్తకంలో చదివిన సంగతి కాదు. మా మేనమామ వేరుశనక్కాయల మిషన్ దగ్గర భుజం మీద తువ్వాలుతోనే వంగాడు. కుడి చెయ్యి మోచేతి పైన పోయింది. ఇప్పటికీ భోజనం ఎడమ చేత్తోనే, పెళ్లిళ్లలో అందుకే బంతిలో కూర్చోడు. అప్పట్లో ఊళ్లో అందరూ "పుత్తూరు కట్టు కట్టిస్తే సరిపోతుంది" అని ఓదార్చారు. పుత్తూరు కట్టు విరిగిన ఎముకను అతుకుతుంది గానీ, ఊడిపోయిన చెయ్యిని మొలిపించదు కదా. నూర్పిడి యంత్రాల కోసం 1983లోనే ప్రమాదకర యంత్రాల నియంత్రణ చట్టం చేశారు. మా వైపు ఒక్క మిషన్ యజమానిని ఆ పేరు చెప్పమనండి, నేను గుండు కొట్టించుకుంటాను. కొండ ఎలాగూ దగ్గరే.

ఇక రాళ్లు. మన నేలలో గడ్డి కంటే రాళ్లే ఎక్కువ, చిత్తూరు జిల్లా వాళ్లకు నేను చెప్పాలా? గేర్‌బాక్సు ఆ 540ని ఇంకా పెంచి బ్లేడుకు ఇస్తుంది. బ్లేడు కొన గంటకు 200 కిలోమీటర్లు దాటిన వేగంతో తిరుగుతుంది. దానికి తగిలిన గులకరాయి వంద మీటర్ల దూరానికి కూడా పోగలదు. అందుకే స్లాషర్ ముందూ వెనకా గొలుసులు వేలాడదీస్తారు. పొద్దున వచ్చిన దానికి వెనక గొలుసులు సగం లేవు, మిగిలినవి తుప్పు పట్టి పైకి ముడుచుకుపోయాయి. ఆ వెనకే ఇద్దరు ఆడకూలీలు కొమ్మలు ఏరుతున్నారు! మడ్‌గార్డ్ మీద యజమాని కొడుకు కూర్చుని ఫోనులో వీడియో తీసుకుంటున్నాడు. ఇలాంటి వీడియోలకు వేలల్లో లైకులు వస్తాయి మనకు. గట్టు దగ్గర చక్రం ఎగిరితే ఆ పిల్లవాడు జారేది నేరుగా బ్లేడు మీదికి. అది ఆలోచించేవాడు ఒక్కడూ ఉండడు, కింద మాత్రం "సూపర్ బ్రో".

తిరుపతి నుంచి చంద్రగిరి దాకా ఫార్మ్‌హౌసులు కట్టుకున్న శనివారం రైతుల సంగతి ఇక చెప్పక్కర్లేదు. మేనల్లుడి పుట్టినరోజు ఉందని, చుట్టాలందరూ కుర్చీలు వేసుకుని కూర్చున్నాక గడ్డి కోయిస్తారు. అందంగా కనిపించాలట. కోసే ముందు ఒకసారి నేలంతా నడిచి రాళ్లూ తీగలూ పాత డ్రిప్పు పైపులూ ఏరించాలని ఎవరు చెప్పాలి వాళ్లకు? బండి అద్దెకు ఇచ్చినవాడు చెప్పడు, వాడికి గంట లెక్క.

అన్నీ విన్నాక ఆ బండి యజమానిగారు ఒకే ఒక్క నిజం చెప్పాడు. "ఆ కప్లింగు కొనడానికి డబ్బు ఎక్కడిదన్నా?" అన్నాడు. అక్కడ మాత్రం నా నోరు మూతపడింది. ఎందుకంటే అతనికీ నాలాగే తోతాపురి తోట ఉంది. 2025 సీజనులో ప్రభుత్వం తోతాపురికి కిలోకు 12 రూపాయలు అంది. గుజ్జు ఫ్యాక్టరీ 8 ఇవ్వాలి, ప్రభుత్వం 4 కలుపుతుంది. కాగితం మీద ఎంత ముచ్చటగా ఉందో! ఆ 8 రూపాయలూ తరుగు లేకుండా, వాయిదా లేకుండా చేతికి అందిన రైతు మా చుట్టుపక్కల ఎవరైనా ఉంటే చెప్పండి, వెళ్లి శాలువా కప్పుతాను. కాయ నిండిన ట్రాక్టర్లు ఫ్యాక్టరీ గేటు ముందు బారులు తీరి ఉంటే, రాత్రంతా ట్రాలీ కింద పడుకుని కాయ మెత్తబడుతుంటే వాసన చూస్తూ లేచాం. తెల్లారాక వచ్చి "కాయ మెత్తబడింది" అని కోత వేశారు. ఎవరి వల్ల మెత్తబడిందయ్యా? గేటు తీయనిది నువ్వే, మెత్తబడిందనేదీ నువ్వే! మా కాయను గుజ్జు చేసే యంత్రాలకు మాత్రం కవచాలుంటాయి, ఎర్ర బటన్లుంటాయి, నొక్కగానే ఆగిపోతాయి. ఆ గుజ్జు కోసం కాయ పండించేవాడి బండికి మేకు.

రాయితీ మీద మిషన్లు ఇచ్చేటప్పుడు కొబ్బరికాయ కొడతారు, దండ వేస్తారు, ఫొటో దిగుతారు. దిగే ముందు పీటీఓ ఆపు, ఇంజను ఆపు, తాళం చెవి తీసి జేబులో వేసుకో, బ్లేళ్లు పూర్తిగా ఆగేదాకా సీటు దిగకు అని డ్రైవరుకు రెండు నిమిషాలు చెప్పేవాడు మాత్రం ఆ ఫొటోలో ఎప్పుడూ ఉండడు. ఏ బండికి ఏ మిషన్ సరిపోతుందో చూసేవాడూ ఉండడు. 35 హెచ్‌పీ పాత బండి వెనక బరువైన స్లాషర్ తగిలించి పంపేస్తారు. గట్టు ఎక్కేటప్పుడు ముందు చక్రాలు గాల్లోకి లేస్తే అది డ్రైవర్ తలరాత!

"నీకు భయం ఎక్కువ" అని కింద రాయబోతున్న వీరులకు ముందే చెబుతున్నాను, అవును, ఎక్కువే. వానలు పడి గడ్డి మోకాలెత్తు పెరిగింది, మా తోటలో కూడా కోయించాలి. వచ్చేవాళ్లు షాఫ్ట్ మీద గొట్టం, వెనక గొలుసులు, పాత బండి అయితే కప్లింగ్ ఉంటేనే రండి. అద్దె పదో పరకో ఎక్కువైనా ఇస్తాను. మడ్‌గార్డ్ మీద పిల్లలు కనిపిస్తే మాత్రం గేటు తీయను, వచ్చిన డీజిల్ ఖర్చు కూడా ఇవ్వను.