1922లో ఏ కుర్రాడి జేబులో అంత డబ్బుంది?

మొన్న ఇక్కడ అమెరికాలో ఒక పాత కార్ల షోకి వెళ్లి, మోడల్ టీ స్పీడ్‌స్టర్లకి మార్కులెలా వేస్తారో దగ్గరుండి చూశాను. అప్పటినుంచి కడుపుమంట.

తెలియనివాళ్లకి రెండు ముక్కలు. ఫోర్డ్ 1908 నుంచి 1927 దాకా కోటిన్నర పైగా మోడల్ టీలు చేసింది. ఇంజిన్ 20 హార్స్‌పవర్, స్టీరింగ్ కింద వేగం పెంచే లివర్ మొత్తం లాగినా గంటకి 40, 45 మైళ్లే. స్టట్జ్ బేర్‌క్యాట్ లాంటి ఖరీదైన స్పోర్ట్స్ కారు కొనే స్తోమత లేని కుర్రాళ్లు పాత టీ ఒకటి పట్టుకొచ్చి, బాడీ ఊడబీకి, రెండు సీట్లు కిందకి దించి బిగించి, వెనకాల గుండ్రటి పెట్రోల్ ట్యాంకు కట్టి, దాన్నే రేసు కారనుకుని తిప్పేవాళ్లు. అదీ స్పీడ్‌స్టర్.

దీనికి ఫ్యాక్టరీ డ్రాయింగే లేదు, మరి దేనితో పోల్చి ఒరిజినల్ అంటారు? ఆ సంవత్సరం ఆ కుర్రాడికి ఈ పార్టు, ఈ పనిముట్టు దొరికేవా అన్నదొక్కటే అడగాలి. ఫిలిప్స్ స్క్రూలు (తల మీద ప్లస్ గుర్తు గాడి ఉండేవి) కార్లలోకి వచ్చింది 1930ల మధ్యలో, 1922 అని బోర్డు పెట్టిన బండిలో అవి కనిపిస్తే మార్కు కొయ్యండి, ఒప్పుకుంటా. మిగ్ వెల్డింగ్ (కరెంటుతో తీగ కరిగించి అతికేది) కూడా అంతే, తర్వాత వచ్చిందే, అప్పుడున్నవి గ్యాస్ వెల్డింగూ రివెట్లూ.

కానీ జరుగుతున్నది వేరు. ఫ్రాంటెనాక్ హెడ్, అంటే ఇంజిన్ పైభాగానికి బిగించే రేసు సామాను, కనబడితే చాలు జడ్జీలు కరిగిపోతున్నారు. గొప్ప సామానే, కాదనను, షెవ్రొలే అన్నదమ్ముల పని, అది బిగించిన ఫోర్డ్ 1923లో ఇండియానాపొలిస్ 500 కార్ల రేసులో అయిదో స్థానం కొట్టింది. అయితే మాత్రం వరసలో ప్రతి బండికీ అదేనా? అప్పట్లో పొలం పనులు చేసుకునే పిల్లలందరికీ అంత డబ్బెక్కడిది!

ఇంకో పిచ్చి, బండి పాతదిగా కనబడాలని ఉప్పునీళ్లు చల్లి తుప్పు పట్టించడం. ఒరే బాబూ, వాడు ఆ బండి కట్టుకున్న రోజున దానికి తుప్పు లేదురా, మురిసిపోతూ కొత్త రంగు వేసుకున్నాడు!

బ్రేకుల విషయంలో మాత్రం నాకు పట్టింపు లేదు. టీకి ముందు చక్రాల బ్రేకులే లేవు, పెడల్ తొక్కితే పట్టేది గేర్‌బాక్సులో. ఇంటిదగ్గర పిల్లలున్నవాడు ఇప్పటి బ్రేకులు పెట్టుకుంటే తప్పేంటి, బోర్డు మీద ఆ సంగతి రాస్తే చాలు.

నా బండికి మామూలు హెడ్డే, రంగు బ్రష్షుతో నేనే వేశాను, గీతలు కనిపిస్తాయి. "ఫినిషింగ్ బాలేదు" అని మార్కులు కోశాడు జడ్జి. వచ్చేసారీ అవే గీతలతో వెళ్తున్నా. ట్యాంకు కారుతోంది, ముందు దాని సంగతి చూడాలి.