ఇతరములకు జయము

ఆర్థిక పరిస్థితి అగమ్యగోచరంగా ఉన్న ఏడాదిలో నగర బడ్జెట్ తయారుచేయడం కత్తి మీద సాము అని అందరూ అంటారు. నా దృష్టిలో మామూలు ఏడాది కన్నా అదే తేలిక. మామూలు ఏడాదిలో అంచనా తప్పితే తప్పు మనది. రోజులు బాగాలేనప్పుడు తప్పితే తప్పు ప్రపంచానిది. ఈ ఒక్క సంగతి ఒంటబట్టిన అకౌంట్స్ ఆఫీసరుకు నిద్రమాత్రలతో పని లేదు.

కాకపోతే నగరాలకు ఒక చిన్న ఇబ్బంది ఉంది. దేశ ప్రభుత్వం లోటు చూపించి కూడా దర్జాగా బతికేస్తుంది. నగరానికి నోట్లు అచ్చువేసే యంత్రం లేదు. పైగా చాలా చోట్ల ఆదాయమూ ఖర్చూ సమానంగా చూపించి తీరాలని చట్టం. కౌన్సిళ్లు ఆ వాక్యంలో 'సమానంగా' అన్న మాటను ఒకసారి, 'చూపించి' అన్న మాటను రెండుసార్లు చదువుకుంటాయి.

పని ఎక్కడ మొదలవుతుంది? ఆదాయం దగ్గర అనుకుంటే మీకు ఈ శాస్త్రం తెలియదన్నమాట. ముందు ఖర్చులు వస్తాయి. ప్రతి విభాగమూ పోయినేడాది అంకె మీద ఇంకొంత వేసి పంపుతుంది. కోస్తారని తెలుసు గనక వాళ్లు వేస్తారు, వేశారని తెలుసు గనక వీళ్లు కోస్తారు. పాపం, కావలసింది ఇంతేనని నిజం రాసి పంపిన విభాగానికి కూడా అదే కత్తెర పడుతుంది. ఆ విభాగాధిపతి మరుసటేడు నుంచి నిజం జోలికి వెళ్లడు. ఇలా కాదని 1970లలో జీరో బేస్డ్ బడ్జెట్ అనే పద్ధతి ప్రచారంలోకి వచ్చింది. పోయినేడాది అంకె మరిచిపోయి, ప్రతి పైసా ఎందుకో సున్నా నుంచి రుజువు చేసుకోవాలి. గొప్ప ఆలోచన. అమలు చేస్తే కాగితాల కట్టలు పెరిగాయి.

ఆదాయంలో మాత్రం ప్రకృతి మనకు సహకరిస్తుంది. కాలం తిరగబడగానే కట్టడాల అనుమతి ఫీజులు ముందు పడిపోతాయి, అమ్మకం పన్ను దాని వెనకే. ఆస్తి పన్ను మాత్రం వెంటనే పడదు, ఎందుకంటే అది పాత విలువల మీద నడుస్తుంది. బజారంతా వెలవెలబోతున్నా ఆస్తి పన్ను పద్దు ఒకటి రెండేళ్లు పచ్చగానే ఉంటుంది. ఆ పచ్చదనం చూసి పెద్దలకు ధైర్యం వస్తుంది. ఆ ధైర్యంలోనే కొత్త శంకుస్థాపనలు జరుగుతాయి. పన్ను పడిపోయే నాటికి పునాది గుంతల్లో నీళ్లు నిలిచి ఉంటాయి.

ఇక అసలు ఘట్టం. రేపు పొద్దున కౌన్సిల్ సమావేశం. రాత్రి పదకొండు దాటింది. ఎక్సెల్ షీట్ అడుగున తేడా ఎర్ర అక్షరాల్లో మెరుస్తోంది. జీతాలు, పెన్షన్లు, అప్పు మీద వడ్డీ, వీటిని ముట్టుకోలేం. ఆఫీసరు మౌస్ చక్రం తిప్పుకుంటూ పైకి వెళ్తాడు, మళ్లీ కిందికి వస్తాడు. చివరికి ఆదాయం పేజీలో ఆఖరి వరస దగ్గర ఆగుతాడు. దాని పేరు 'ఇతరములు'. ఏ పన్నుకూ చెందదు, ఏ విభాగానికీ జవాబుదారీ కాదు, వసూలు కాలేదేమని ఎవరినీ అడగలేం. అందులో ఒక అంకె కొడతాడు. అడుగున ఎరుపు పోయి సున్నా వస్తుంది. అటెండరును పిలిచి టీ చెబుతాడు.

ఇది తక్కువ రకం కిటుకు అని ముఖం చిట్లించేవాళ్లు ఘనమైన ఉదాహరణలు చూడాలి. 1975 నాటి న్యూయార్క్ రోజువారీ ఖర్చులను తీసుకెళ్లి మూలధన వ్యయంలో, అంటే కట్టడాల వంటి శాశ్వత ఆస్తులకు పెట్టే ఖర్చులో వేసింది, ఎప్పుడో రాబోయే పన్నులను చూపించి ఇప్పుడే అప్పు తెచ్చింది. ఒక రోజున బ్యాంకులు ఇక చాలన్నాయి. అక్టోబరు 17న దివాలా అంచు దాకా వెళ్లింది, టీచర్ల పెన్షన్ నిధి 15 కోట్ల డాలర్ల బాండ్లు కొనడంతో గట్టెక్కింది. షికాగోది ఇంకా పై ఎత్తు. 2008లో లోటు కనిపించగానే వీధుల్లోని పార్కింగ్ మీటర్లను సుమారు 115 కోట్ల డాలర్లకు 75 ఏళ్లపాటు ప్రైవేటు పెట్టుబడిదారులకు అప్పగించింది. వచ్చిన డబ్బులో ఎక్కువ భాగం కొన్నేళ్లలోనే బడ్జెట్ కంతలు పూడ్చడానికి అయిపోయింది. ఇప్పుడు ఆ నగరం తన వీధిని తానే మూసేసినా, మీటర్లు పనిచేయని రోజులకు కంపెనీకి పరిహారం కట్టాలి. మనవడి సంపాదన తాకట్టు పెట్టిన తాతలు ఉంటారు గానీ, తన ఇంటి ముందు తాను నిలబడినందుకు అద్దె కట్టే తాతలు అరుదు.

పొదుపు మార్గం కూడా ఉంది. 2010లో అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్ నగరం ఖర్చు తగ్గించుకోవడానికి వీధి దీపాల్లో దాదాపు మూడో వంతు ఆర్పేసింది. వెలుతురు కావలసినవాళ్లు డబ్బు కట్టి దీపాన్ని దత్తత తీసుకోవచ్చంది. చీకటి, పైగా తీగల్లో కరెంటు లేదు. రాగి దొంగలు నగరపాలక సంస్థను మనసులోనే ఆశీర్వదించి తీగలు కోసుకుపోయారు. ఇది విని ఎవరైనా పాఠం నేర్చుకున్నారా అంటే, 2023 సెప్టెంబరులో డబ్బు లేదని చేతులెత్తేసిన ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ నగర కౌన్సిల్ ఆ మరుసటేడు కోతల జాబితాలో వీధి దీపాల కాంతి తగ్గించడాన్నీ చేర్చింది. దీపం అంటే బడ్జెట్ రాసేవాళ్లకు ఎందుకంత కోపమో నాకు అంతుచిక్కదు. లెక్కలు బాగా కనబడతాయనా?

కోత ఎక్కడ పెట్టాలన్నదానికి నిజానికి సులువైన కొలత ఉంది. అరిచేదాన్ని వదిలేయాలి, అరవనిదాన్ని కోయాలి. లైబ్రరీ మూస్తే పాఠకులు ప్లకార్డులు పట్టుకుంటారు. భూమిలో ఆరడుగుల లోతున తుప్పు పట్టిన పైపు ఏ పత్రికకూ ప్రకటన ఇవ్వదు. కాబట్టి మరమ్మతుల పద్దు సగమవుతుంది. పైపు మనం పదవిలో ఉండగా పగిలితే విపత్తు, దిగిపోయాక పగిలితే వాళ్ల నిర్లక్ష్యం. ఖాళీ పోస్టులు కూడా ఇలాంటి అక్షయపాత్రే. పోస్టు ఉంటుంది, మనిషి ఉండడు, మిగులు ఉంటుంది. ఆ మనిషి లేక ఆగిపోయిన పని మాత్రం ఏ పద్దులోనూ కనిపించదు.

మర్నాడు సమావేశంలో అధికారపక్షం ఇది చారిత్రాత్మక బడ్జెట్ అంటుంది, ప్రతిపక్షం అంకెల గారడీ అంటుంది. రెండు ప్రసంగాలూ ముందు రోజే టైపయ్యాయి, ప్రతులు మాత్రం ఇప్పుడే పంచారు. ఓ కొత్త సభ్యుడు, ఇంకా ఊరి వాసన పోనివాడు, ఆఖరి పేజీ దాకా తిరగేసి లేచి నిలబడ్డాడు. "ఈ ఇతరములు అంటే ఏమిటండీ?" అని అడిగాడు. పక్కనున్న సీనియర్ చొక్కా పట్టి కూర్చోబెట్టాడు. "కొత్తోడివి. మొదటి ఏడాది మేమూ అడిగాం."

ఆరు నెలలకు సవరించిన అంచనాలు వచ్చాయి. 'ఇతరములు' వరసలో వచ్చింది సున్నా. సాయంత్రం ఆఫీసరు కొత్త ఏడాది ఫైల్ తెరిచాడు. పాత షీటునే కాపీ చేసి పేరు మార్చాడు. ఆ వరస మీద మౌస్ పెట్టగానే, మూల నుంచి చిన్న పసుపు చీటీ తెరుచుకుంది. తనకు ముందు పనిచేసినాయనో, ఆయనకు ముందాయనో పెట్టిన చీటీ. "ఇది దేని కిందిదో కనుక్కోవాలి."

చీటీని అలాగే ఉంచి, పోయినేడాది అంకె మీద పది శాతం వేశాడు.